బహుమతి తెరిస్తే చందా అడిగారు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: పండగ బహుమతిగా కొన్న విరాళం కార్డుల గురించి ఫిర్యాదు.

అయ్యా / అమ్మా,

పండగకి మా ఇంటి పెద్దవాళ్లకి ఇవ్వడానికి మీ సైట్‌లో విరాళం కార్డులు కొన్నాను. ఇంట్లో సామాను పెట్టుకోవడానికే చోటు లేదు, ఇంకేమీ కొనొద్దని వాళ్లే చెప్పారు. డబ్బు నేను కడతాను, అది ఏ సేవాసంస్థకి చేరాలో వాళ్లు ఎంచుకుంటారు. ఆలోచన బాగుంది కాబట్టే కొన్నాను. నా ఫిర్యాదల్లా మీరు దాన్ని నడిపే తీరు గురించే.

మా బాబాయి రిటైరైన టీచర్. పిల్లలకి పుస్తకాలు అందించే సంస్థని ఎంచుకుని బటన్ నొక్కగానే ఆయనకి ఇంకో పేజీ వచ్చింది. "మా సేవలు కొనసాగడానికి మీ వంతు" అని ఒక గీత, దాని మీద ముందుగానే 15 శాతం దగ్గర నిలబెట్టిన చుక్క. ఆ చుక్కని ఎంత వెనక్కి జరిపినా సున్నాకి రాదు. సున్నా కావాలంటే కింద బూడిద రంగులో సన్నగా ఉన్న "ఇతర మొత్తం" నొక్కి, మనమే సున్నా కొట్టాలి. కళ్లజోడు పెట్టుకున్నా ఆయనకి అది కనిపించలేదు. బ్యాంకు కార్డు నంబరు అడిగేసరికి ఆగిపోయి నాకు ఫోన్ చేశారు. "ఏమ్మా, బహుమతి పంపావా, చందా పుస్తకం పంపావా?" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ నాకు తల కొట్టేసినట్టయింది.

మా పిన్ని అయితే ఎవర్నీ అడగలేదు, కట్టేసింది. కార్డు వాడుకోవాలంటే కట్టాల్సిన ఫీజు అనుకుందట.

కొనేటప్పుడు నా దగ్గరా ఇదే "వంతు" తీసుకున్నారు. ఇష్టంగానే ఇచ్చాను. సైట్ నడపడానికి, చెల్లింపులకి ఖర్చవుతుంది, ఊరికే చేయమని ఎవరూ అనరు. కానీ ఒకే విరాళం మీద ఇచ్చినవాళ్ల దగ్గర ఒకసారి, పుచ్చుకున్నవాళ్ల దగ్గర ఇంకోసారి అడగడమేమిటి? అదీ మొహమాటానికి కాదనలేని పెద్దవాళ్లని.

ఇక రసీదు. కొన్న రోజు వచ్చిన దాని మీద "గిఫ్ట్ కార్డు కొనుగోలు" అని ఉంది, విరాళం అన్న మాటే లేదు. సైట్‌లో మాత్రం కొన్న రోజే విరాళం పూర్తయినట్టని రాశారు. రెండింట్లో ఒకటే నిజం. మీది నమోదైన సేవాసంస్థ అయి, డబ్బు ముందు మీకే విరాళంగా అందితే, కొన్న రోజే లెక్క, రసీదు నా పేరు మీద రావాలి. మీరు కేవలం అమ్మకందారు అయితే, కార్డు వాడి డబ్బు సంస్థకి చేరేదాకా విరాళం జరగనట్టే. పన్ను లెక్కలు వేసుకునేవాళ్లకి, అందులోనూ ఆర్థిక సంవత్సరం చివర్లో కొనేవాళ్లకి, ఇది చిన్న తేడా కాదు.

నిబంధనల్లో బాగా కిందికి వెళితే ఇంకో సంగతి బయటపడింది. గడువులోగా వాడని కార్డుల డబ్బు "సంస్థ విచక్షణ మేరకు" ఖర్చు చేస్తారట. ఆ సంస్థ మీరా, ఏదైనా సేవాసంస్థా? గిఫ్ట్ కార్డుల్లో కొన్ని వాడకుండా మిగిలిపోవడం మామూలే. మీ పేజీ చూసి బెదిరి పెద్దవాళ్లు వదిలేసినవి వాటికి అదనం. పేదవాళ్లకి మేకపిల్ల కొనిస్తామనో మొక్క నాటుతామనో ఆ బొమ్మ వేసి విరాళం కార్డులు అమ్మేవాళ్లూ ఉన్నారు. వాళ్లలో నిజాయితీ ఉన్నవాళ్లు, ఈ డబ్బుతో ఆ మేకనే కొనరని, అవసరాన్ని బట్టి సాధారణ నిధికి వెళ్లొచ్చని బొమ్మ కిందే అచ్చువేస్తారు. వాడని డబ్బు ఎటు వెళ్తుందో మీరూ కార్డు మీదే చెప్పొచ్చు కదా.

పిన్ని దగ్గర తీసుకున్న మొత్తం ఆమె ఖాతాలోకే తిరిగి వేయండి, కూపన్లు వద్దు. బాబాయి కార్డుని ఆ పేజీ అడ్డు లేకుండా పనిచేసేలా చేసి, డబ్బు మొత్తం ఆయన ఎంచుకున్న సంస్థకి చేరాక ఆయనకే మెసేజ్ పంపండి. నాకు విరాళం రసీదు కావాలి. ఇవ్వలేకపోతే ఎందుకివ్వలేరో రాతపూర్వకంగా చెప్పండి. వాడని కార్డుల డబ్బు ఎవరికి చేరుతుందో పేరుతో సహా తెలియజేయండి.

ఆర్డర్ వివరాలు, స్క్రీన్‌షాట్లు జత చేశాను. "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అన్న ఆటోమేటిక్ జవాబు ఇదివరకే వచ్చింది. దాని కింద కూడా విరాళం ఇవ్వమని ఒక బటన్ ఉంది. ఈసారి మనిషి రాసిన జవాబు పంపండి.

ఇట్లు,
మీ కస్టమర్