బధిర పిల్లలకు మార్కుల్లో మినహాయింపు ఇచ్చారు, పాఠం ఎప్పుడు చెప్తారు?

ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారాలతో,

వినపడని పిల్లల చదువుకు ప్రభుత్వం ఏం చేస్తోందని ఎవరినడిగినా ముందుగా వచ్చే జవాబు మినహాయింపులే. భాషా పేపర్లలో మినహాయింపు, పరీక్షలో అదనపు సమయం, పాసు మార్కుల్లో తగ్గింపు. ఇవి అక్కర్లేదని నేననను. కానీ ఒకటో తరగతి నుంచి అందని పాఠాన్ని పదో తరగతి పరీక్ష హాల్లో ఇచ్చే అదనపు సమయం తెచ్చిపెట్టలేదు. నేను అడిగేది ఆ పాఠం గురించి.

మా అమ్మాయి నాలుగో తరగతి. రెండు చెవులకూ తీవ్రమైన వినికిడి లోపం. ఊళ్లో ప్రభుత్వ బడికే వెళ్తుంది. తన నోటు పుస్తకం చూసినవాళ్లు మెచ్చుకోకుండా ఉండరు, దస్తూరి అంత ముద్దుగా ఉంటుంది. బోర్డు మీద ఉన్నది ఒక్క అక్షరం పొల్లుపోకుండా ఎక్కించుకొస్తుంది. వాన ఎలా పడుతుందనే పాఠం మొత్తం అలాగే రాసుకొచ్చింది. అందులో ‘ఆవిరి’ మీద వేలు పెట్టి, ఏమిటిది అని సైగ చేస్తే నా మొహంలోకి చూసింది. పొయ్యి దగ్గరికి తీసుకెళ్లి అన్నం గిన్నె మూత తీసి చూపించాను. ఒక్క క్షణంలో అర్థమైంది. తెలివికి లోటు లేదు. ఆ పాఠం తనకు తెలిసే దారిలో చెప్పగలిగిన మనిషి బడిలో లేరు, అంతే.

వాళ్ల టీచరమ్మ మంచి మనిషి. ముందు బెంచీలో కూర్చోబెడతారు, మళ్లీ మళ్లీ చెప్తారు. కానీ ఆమె బోర్డు వైపు తిరిగిన మరుక్షణం మా పిల్లకు పాఠం ఆగిపోతుంది. మిషన్ ఇచ్చాం కదా అని అధికారులంటారు. చెవి మిషన్ చప్పుడును పెంచుతుంది. ఫ్యాను హోరు, బల్లలు జరిపే మోత, పక్క గదిలో ఎక్కాలు, అన్నిటినీ కలిపి పెంచుతుంది. పిల్ల ఎదిగేకొద్దీ చెవిలో పెట్టే మౌల్డు వదులై మిషన్ కూత పెడుతుంది, కొత్త మౌల్డు వచ్చేదాకా అది డబ్బాలోనే ఉంటుంది. పెదాలు చూసి గ్రహించవచ్చు కదా అనేవాళ్లూ ఉన్నారు. దయచేసి ఒక్కసారి అద్దం ముందు నిలబడి పాట, బాట, మాట అని గొంతు బయటికి రాకుండా పలికి చూడండి. మూడూ ఒక్కలాగే కనిపిస్తాయి. క, గ లాంటి అక్షరాలైతే పెదాల మీద అసలు కనిపించనే కనిపించవు. ఇలా ఊహించుకుంటూ రోజంతా తరగతిలో కూర్చున్న పిల్ల సాయంత్రానికి ఎంత అలసిపోతుందో ఇంట్లో చూసేవాళ్లకే తెలుసు.

పిల్లకు తెలిసే దారిలో పాఠం చెప్పడం దయతో ఇవ్వాల్సింది కాదు, చట్టంలో రాసి ఉన్నది. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. బధిరులకు వాళ్లకు అత్యంత అనువైన భాషలో, అనువైన పద్ధతిలో చదువు చెప్పాలని 16వ సెక్షన్ అంటోంది. సైగల భాషలో అర్హత ఉన్న టీచర్లకు శిక్షణ ఇచ్చి ఉద్యోగాల్లోకి తీసుకోవాలనీ, వాళ్లలో దివ్యాంగులైన టీచర్లు కూడా ఉండాలనీ 17వ సెక్షన్ అంటోంది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఇంటి దగ్గరి బడిలోగానీ, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలోగానీ ఉచితంగా చదువుకునే హక్కును 31వ సెక్షన్ ఇచ్చింది. ఏ బడి అన్నది పిల్ల తరఫు ఇష్టం. “బధిరుల హాస్టల్లో వేసెయ్యండమ్మా, మీకూ సుఖం” అని నాకు ఒకరు సలహా ఇచ్చారు. ప్రత్యేక పాఠశాలల మీద నాకు చిన్నచూపు లేదు. పిల్లలు ఒకరితో ఒకరు హాయిగా సైగలతో మాట్లాడుకునేది అక్కడే, వాటిని బాగా నడపాలి కూడా. కానీ ఊరి బడిలో చెప్పేవాళ్లు లేరు కాబట్టి తొమ్మిదేళ్ల పిల్లను ఇల్లు విడిచి పొమ్మంటే, దాన్ని కోరుకోవడం అనరు.

మీరు చేసినది కూడా చెప్పాలి. ప్రాథమిక స్థాయిలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, ఆపై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలని సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో చెప్పింది. 2025లో మన రాష్ట్రం 2,260 పోస్టులు మంజూరు చేసింది, చిన్న తరగతులకు చెప్పే ఎస్జీటీలు 1,136, పై తరగతులకు చెప్పే స్కూల్ అసిస్టెంట్లు 1,124. ఏళ్ల తరబడి ఎదురుచూసిన మాకు అది పెద్ద కబురే. అయితే ప్రత్యేక విద్యలో డిప్లొమా, బీఈడీ ఒక్కో వైకల్యానికి విడివిడిగా ఉంటాయి. మేధో వైకల్యంలో శిక్షణ పొందిన టీచరును పంపి మా పిల్లకు ప్రత్యేక టీచరు వచ్చినట్టు రికార్డు రాస్తే, ఆ టీచరుకూ అన్యాయం, మా పిల్లకూ అన్యాయం. కాబట్టి ఈ పోస్టుల్లో వినికిడి లోపంలో అర్హత ఉన్నవాళ్లు ఎందరో, ఏ మండలంలో ఎందరో బయటపెట్టండి. ఆ శిక్షణ ఉన్నవాళ్లకైనా సైగల భాష ధారాళంగా వస్తుందనే నమ్మకం లేదు. దానికి విడిగా శిక్షణ, విడిగా పరీక్ష ఉండాలి.

ఒక్కో బడిలో ఒకరో ఇద్దరో బధిర పిల్లలుంటారు. వాళ్లకు సైగల్లో మాట్లాడే తోటివాళ్లే ఉండరు. కనుక మండలానికో, రెండు మండలాలకో ఒక మామూలు ప్రభుత్వ బడిని ఎంచి, తల్లిదండ్రులు ఒప్పుకున్న పిల్లలను అక్కడ కలిపి, రవాణా ఖర్చు ఇచ్చి, సైగల భాష వచ్చిన టీచరును అక్కడే ఉంచండి. వారానికోసారి వచ్చిపోయేలా కాదు, రోజంతా. ఆ టీచరుకు తోడుగా బధిరులైన యువతను తీసుకోండి. భారతీయ సైగల భాష బోధనలో బధిరుల కోసమే డిప్లొమా కోర్సు ఉంది. చెవులు వినపడని పెద్దమనిషి ఒకరు జీతం తీసుకుంటూ, పాఠం చెప్తూ కనిపిస్తే మా పిల్లకే కాదు, మాకూ ధైర్యం. మా అమ్మాయి అలాంటి మనిషిని ఇంతవరకూ చూడలేదు.

పుస్తకాల సంగతీ చూడండి. ఢిల్లీలోని భారతీయ సైగల భాష పరిశోధన, శిక్షణ కేంద్రం 2020లో జాతీయ పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్టీతో ఒప్పందం చేసుకుని పాఠ్యపుస్తకాలను సైగల్లోకి తెస్తోంది. అదే దారిలో మన తెలుగు వాచకానికీ వీడియోలు చేయించి ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిచే ప్రతి భవిత కేంద్రానికీ ఇవ్వండి. ఆ కేంద్రాల్లోనే తల్లిదండ్రులకు సాయంత్రం తరగతులు పెట్టండి. కూలి పనికి వెళ్లొచ్చే తల్లి కూడా నేర్చుకుంటుంది, నేను హామీ.

చట్టం ఇచ్చిన చదువు హక్కు బిడ్డకు ఆరేళ్లు వచ్చాకే మొదలవుతుంది. భాష అంతకంటే చాలా ముందే మొదలవుతుంది. పుట్టిన ప్రతి బిడ్డకూ వినికిడి పరీక్ష, లోపం తేలిన బిడ్డకు అంగన్‌వాడీ వయసులోనే సైగలు, మాట రెండూ అందే ఏర్పాటు కావాలి. ఇందుకు ఆరోగ్య శాఖతో, స్త్రీ శిశు సంక్షేమ శాఖతో మీరే మాట్లాడాలి. మేము మాట్లాడితే ఒక శాఖ ఇంకో శాఖను చూపిస్తోంది. మరో మాట. రెండు చెవుల్లోనూ లోపం 60 డెసిబెల్స్ (చప్పుడును కొలిచే లెక్క), ఆపైన ఉంటేనే చట్టం ప్రకారం వినికిడి లోపం. 55 ఉన్న పిల్లవాడికి సదరం సర్టిఫికెట్, అంటే వైకల్య ధ్రువపత్రం, రాకపోవచ్చు, తరగతిలో పాఠం మాత్రం వాడికీ వినపడదు. బడిలో ఇచ్చే సాయానికి సర్టిఫికెట్ అడ్డం కాకూడదని మీరు ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు.

జూన్‌లో బడులు తెరిచేలోపు, వినికిడి లోపంలో అర్హత ఉన్న ప్రత్యేక టీచర్ల జాబితాను మండలాల వారీగా ప్రకటించండి. మా మండలం పేరు ఎదురుగా సున్నా ఉన్నా సరే, ప్రకటించండి. ఆ సున్నా పట్టుకుని తర్వాత ఏం అడగాలో మేము అడుగుతాం.

ఇట్లు,
ఒక బధిర బాలిక తల్లి,
పల్నాడు జిల్లా