చేనేత వెబ్‌సైట్లు ఫొటో ఆల్బమ్‌లుగా మిగిలిపోతున్నాయి

సంపాదకులకు,

అయ్యా,

మంగళగిరి, వెంకటగిరి, పోచంపల్లి చీరలు అమ్మే చిన్న దుకాణాలు, సొసైటీలు సొంత వెబ్‌సైట్లు పెట్టుకోవడం సంతోషం. కానీ వాటిలో చాలావాటిలో ఫొటో కింద ‘ధర కోసం ఫోన్ చేయండి’ అనే మాట తప్ప మరేమీ ఉండదు. రాత్రి పదకొండింటికి చీరలు చూసేవారు ఆ వేళప్పుడు ఫోన్ చేయరు. ధర వేసిన ఇంకో దుకాణానికి వెళ్లిపోతారు.

కొట్టులో కూర్చుని అడిగే ప్రశ్నలన్నిటికీ ఆ చీర పేజీలోనే జవాబు దొరకాలి. చీర 5.5 మీటర్లా? జాకెట్ ముక్క కలిసే ఉందా, ఉంటే 80 సెంటీమీటర్లు వస్తుందా? నూలు ఎన్ని కౌంట్ (ఎంత సన్నం)? అసలు జరీయా, టెస్టెడ్ జరీయా (అనుకరణ జరీ)? ఇంట్లో ఉతకవచ్చా? ఎన్ని రోజుల్లో చేరుతుంది? పోస్టు ఖర్చు ధర పక్కనే వేయాలి. అది డబ్బు కట్టే చివరి పేజీలో బయటపడితే కొనబోయినవారు కూడా అక్కడే ఆగిపోతారు.

ఫొటోల దగ్గర ఎంత శ్రద్ధ పెట్టినా తక్కువే. చీర మొత్తం, కొంగు, అంచు, నేత దగ్గరగా, వెనుకవైపు: కనీసం ఈ ఐదూ కావాలి. వెనుకవైపు ఫొటోను దాదాపు ఎవరూ పెట్టరు. పోచంపల్లి ఇక్కత్ నేతలో నూలుకే ముందుగా రంగు అద్దుతారు కనుక డిజైన్ రెండువైపులా తేటగా కనిపిస్తుంది. ప్రింటు చీర వెనుక సాధారణంగా వెలిసినట్టు ఉంటుంది. నకిలీలతో నలిగిపోతున్న నేతకు అంతకన్నా మంచి సాక్ష్యం ఏముంది? ట్యూబ్‌లైటు కింద తీస్తే రంగు మారి, చీర తిరిగి వస్తుంది. నేరుగా ఎండ పడని కిటికీ దగ్గర, పగటి వెలుతురులో తీయాలి. ఫోన్‌లో తీసిన ఫొటో నాలుగైదు ఎంబీలు ఉంటుంది. అలాంటివి ఇరవై ఒకే పేజీలో పెడితే మొబైల్ డేటా మీద తెరుచుకోదు. వెడల్పు 1200 పిక్సెళ్లకు తగ్గించి, వెబ్‌పీ ఫార్మాట్‌లో 200 కేబీలోపు ఉంచితే చాలు.

వాట్సాప్ బటన్ లింకులో నంబరు ముందు 91 ఉండాలి. సున్నాగానీ ప్లస్ గుర్తుగానీ పెట్టకూడదు. చీర కోడ్ మెసేజ్‌లో ముందే పడేలా చేస్తే ‘ఏ చీరండీ?’ అని అడిగే పని తప్పుతుంది. చేనేతలో చాలాసార్లు ఒక్కో రకం ఒక్కటే ఉంటుంది కాబట్టి, అమ్మిన వెంటనే ‘అమ్ముడైంది’ అని గుర్తు పెట్టాలి. లేకపోతే లేని చీరకు డబ్బు తీసుకుని, తిరిగి ఇవ్వాల్సి వస్తుంది.

డీటీపీలో కొట్టించిన అను ఫాంట్ల తెలుగును అలాగే అతికిస్తే తెరమీద గజిబిజి అక్షరాలు పడతాయి. అందుకని దాన్ని బొమ్మగా మార్చి పెడుతున్నారు. అప్పుడు గూగుల్‌లో దొరకడం కష్టం. ఏ ఫోన్‌లోనైనా సరిగ్గా కనిపించే యూనికోడ్ అక్షరాల్లో మళ్లీ టైపు చేయించాలి.

డొమైన్ పేరు (సైటు చిరునామా) సైటు తయారుచేసినవారి పేరిట కాక యజమాని పేరిట, యజమాని ఈమెయిల్‌తోనే రిజిస్టరు కావాలి. తయారీదారు ఫోన్ ఎత్తకపోతే, డొమైన్ గడువు దాటి దుకాణం పేరే చేజారుతుంది. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం చిరునామా, వాపసు షరతులు, ఫిర్యాదులు చూసేవారి వివరాలు సైటులో ఉండాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. ఈ వివరాలు లేని దుకాణానికి కొత్తవారు ముందే డబ్బు ఎలా పంపుతారు?

సైటు తయారీదారుకు చివరి వాయిదా చెల్లించే ముందు సొసైటీలు ఒక పరీక్ష పెట్టాలి. సైటు ఎప్పుడూ చూడనివారి చేతికి మామూలు ఫోన్ ఇచ్చి, వైఫై ఆపేసి, ఒక చీర ఆర్డర్ చేయమనాలి. పక్కనుంచి చెప్పకూడదు. వారు ఎక్కడ ఆగారో రాసుకుని, దాన్ని సరిచేశాకే మిగిలిన డబ్బు ఇవ్వాలి.

– చేనేత దుకాణాలకు వెబ్‌సైట్లు తయారుచేసే పాఠకులు, గుంటూరు