శాంట్రో చప్పుడు గురించి పాపకి

పాపా,

నువ్వు పంపిన ఆడియో మళ్ళీ మళ్ళీ విన్నా, మీ అమ్మ చెవిలోంచి ఇయర్‌ఫోన్ లాక్కుని మరీ విన్నా. హంప్ నిదానంగా ఎక్కి దిగేటప్పుడు ఎడమ ముందు చక్రం దగ్గర టక్ మంటోంది, బేస్‌మెంట్ పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు కిర్రు మంటోంది. నాకైతే లోయర్ బాల్ జాయింట్, అంటే చక్రాన్ని కింది నుంచి పట్టి ఉంచే కీలు, దాని మీదే అనుమానం, కానీ నేను పెరంబూరులో కూర్చుని ఫోన్లో విని చెప్పేది అనుమానమే, తేలాల్సింది కారు కింద. ఇదంతా ఫోన్లో చెప్తే సరే నాన్నా సరే నాన్నా అని పెట్టేస్తావు, అందుకే టైప్ చేస్తున్నా, గ్యారేజీకి పోయేముందు చదువుకో.

ఆ మెకానిక్ రాసిచ్చిన లిస్టుకి మాత్రం ఇప్పుడే ఊ అనొద్దు. కారు జాకీ మీద కూడా లేపకుండా, సందు చివరిదాకా ఒక రౌండ్ కొట్టొచ్చి, రెండు వైపులా షాక్ అబ్జార్బర్లు, ఆర్ములు, స్టీరింగ్ రాక్ అన్నీ పోయాయి అన్నాడంటే అతనికీ ఏది పోయిందో తెలీదన్నమాట, అన్నీ మార్చేస్తే చప్పుడు ఎలాగూ పోతుంది కదా అని. మోసం చేస్తున్నాడని నేను అనట్లేదు, చాలామంది పని చేసే తీరే అది. నువ్వు అడగాల్సింది ఒక్కటే, అన్నా, ఏది లూజుగా ఉందో ఆడించి చూపించు అని. మారతహళ్ళిలో సగం మంది మెకానిక్కులకి తెలుగు వచ్చు, మొహమాటపడకుండా అడుగు. చూపించాక డబ్బుల మాట.

ఈలోగా కారు బయటికి తీయకు, ఆఫీసుకి 500డి ఎక్కి పో, రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో కారుకన్నా అదేమీ లేటు కాదులే. ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే, మిగతా పార్టులు చాలావరకు చప్పుడు చేస్తూ చేస్తూ కొన్నాళ్ళు నడుస్తాయి, ఈ బాల్ జాయింట్ మాత్రం అరిగీ అరిగీ ఏదో ఒక గుంతలోనో మలుపులోనో గిన్నెలోంచి గుండు ఊడి బయటికొచ్చేస్తుంది, అప్పుడు ఆ చక్రం పక్కకి విరుచుకుపడి కారు ఆ మూల నేల మీద కూలబడుతుంది, ఇంక స్టీరింగ్ నీ మాట వినదు. సందులో జరిగితే ఫెండర్ వంకరపోతుంది, హోసూరు రోడ్డు మీద 80లో పోతున్నప్పుడు జరిగితే ఏంటో నేను రాయను.

అసలు అదేంటో చెప్తా విను. చక్రం బిగించి ఉండే ఇనుప ముక్కని నకిల్ అంటారు. దాని కింది భాగాన్ని, కారు బాడీ నుంచి అడ్డంగా వచ్చే లోయర్ ఆర్మ్‌నీ కలిపేది ఈ బాల్ జాయింట్. ఒక స్టీలు గుండు, దానికొక కాడ, గుండు ఒక గిన్నెలో గ్రీజులో కూర్చుని ఉంటుంది, చక్రం పైకీ కిందకీ పోవాలి, స్టీరింగ్ తిప్పితే పక్కకీ తిరగాలి, రెండూ ఒకే చోట జరగాలి కాబట్టి అలా గుండ్రంగా పెట్టారు. పైన ఒక రబ్బరు బూటు ఉంటుంది. ఆవకాయ జాడీకి కట్టిన గుడ్డ లాంటిదే అది, చిరిగిందంటే లోపలిది పాడైనట్టే, వాన నీళ్ళు, ఇసక లోపలికి పోతాయి, గ్రీజు బయటికొస్తుంది, ఇంక గుండు రాపిడికి అరుగుతూ పోతుంది. బెంగళూరు వానలకి, మీ రోడ్ల తవ్వకాలకి 2007 మోడల్ బండి బూటు ఇన్నాళ్ళు ఆగడమే గొప్ప.

ఇంక చెక్ చేసే పద్ధతి, ఇది నీ ముందే చేయించు. కారు సమంగా ఉన్న చోట పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకి చెక్క ముక్కలు అడ్డం పెట్టి, ముందు భాగం జాకీతో లేపి కింద స్టాండ్లు పెట్టాలి. వట్టి జాకీ మీద నిలబెట్టిన కారు కిందకి ఎవరూ దూరకూడదు, అతను దూరుతానన్నా నువ్వు వద్దను. చక్రాన్ని గడియారంలో 12, 6 ఉండే చోట రెండు చేతులతో పట్టుకుని పైన లోపలికి నెట్టి కింద లాగి, మళ్ళీ కింద నెట్టి పైన లాగి ఊపాలి. టక టక మని తగిలితే ప్లే, అంటే వదులు, ఉన్నట్టు. కానీ అక్కడితో బాల్ జాయింట్ అనేయకూడదు, వీల్ బేరింగ్ పోయినా అచ్చం అలాగే ఊగుతుంది. అప్పుడు నువ్వు లోపల కూర్చుని బ్రేక్ గట్టిగా తొక్కి పట్టు, అతన్ని మళ్ళీ ఊపమను. బ్రేక్ తొక్కగానే ఊగడం ఆగిపోతే అది బేరింగ్, తొక్కినా ఊగుతుంటే జాయింట్ వైపే చూడాలి. 3, 9 దగ్గర పట్టుకుని ఊపితే ప్లే కనిపిస్తే అది చాలావరకు స్టీరింగ్ నుంచి చక్రానికి వచ్చే టై రాడ్ ఎండ్‌దో స్టీరింగ్ రాక్‌దో, ఆ సంగతి వేరే.

తర్వాత అసలైంది. ఒకరు చక్రం ఊపుతూ ఉండాలి, నువ్వు టార్చి పట్టుకుని చక్రం వెనక నుంచి, ఆర్మ్ చివర నకిల్‌ని కలిసే చోటే చూడు. అక్కడ గ్రీజూ మట్టీ కలిసి నల్లగా గట్టిపడి ఉంటుంది, గుడ్డతో తుడవమను. జాయింట్ బాగుంటే ఆర్మూ నకిలూ రెండూ కలిసే కదుల్తాయి. అరిగిపోయి ఉంటే నకిల్ ముందు కదిలి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు ఆర్మ్ కదుల్తుంది, ఆ రెంటి మధ్య సందు తెరుచుకుని మూసుకోవడం కంటికి కనిపిస్తుంది, బూటు కూడా ఊపిరి తీసినట్టు ఉబ్బి తగ్గుతుంది. టామీ రాడ్డు పెట్టి టైరు కింద నుంచి పైకి ఎత్తి వదిలినా తెలుస్తుంది. అప్పటికీ అనుమానంగా ఉంటే జాయింట్ మీద వేలు ఆనించి ఇంకొకరిని స్టీరింగ్ తిప్పమను, లోపల ఇసక నలిగినట్టు వేలికి తగులుతుంది. వేలు మాత్రం జాగ్రత్త, తిరిగే వాటి మధ్యలో పెట్టకు. ఈ పని వీడియో తీసి నాకు పంపు.

శాంట్రోలో ముందు వైపు ఉండేది మెక్‌ఫర్సన్ స్ట్రట్, అంటే షాక్ అబ్జార్బర్, స్ప్రింగ్ కలిసిన నిలువు కాలు, బండి బరువు స్ప్రింగ్ మీదుగా స్ట్రట్ మోస్తుంది, కింది బాల్ జాయింట్ బరువు మొయ్యదు, చక్రాన్ని చోటులో పట్టి ఉంచుతుంది అంతే. అందుకే చక్రం గాల్లో వేలాడుతున్నప్పుడు ప్లే దాచుకోలేదు. పైనా కిందా రెండు ఆర్ములుండే డబుల్ విష్‌బోన్ బళ్ళలో అయితే జాకీ ఆర్మ్ కింద పెట్టాలా బాడీ కింద పెట్టాలా అని వేరే లెక్కలుంటాయి, నీకు అక్కర్లేదు.

జాయింట్ గట్టిగా ఉంటే? అప్పుడు టక్ చప్పుడుకి స్టెబిలైజర్ లింకులు, ఆర్మ్ బుష్‌లు చూడమను, కిర్రుకి పైన స్ట్రట్ మౌంట్ చూడమను, కారు నేల మీద ఉండగా ఒకరు స్టీరింగ్ తిప్పుతుంటే స్ప్రింగ్ మీద చెయ్యి పెడితే అక్కడిదైతే ఝల్లుమంటుంది. టైర్లు కూడా చూడు, ఒక అంచు మాత్రమే నున్నగా అరిగి ఉంటే చక్రం వంకరగా నిలబడుతోందని అర్థం.

పార్టు సంగతి. ఇక్కడైతే నేనే జీపీ రోడ్డుకి పోయి తెచ్చేవాణ్ణి, అక్కడ మీకు జేసీ రోడ్డు ఉంది. ఆర్‌సీ ఫోటో, ఛాసిస్ నంబరు తీసుకుని పో, శాంట్రో అంటే చాలదు, జింగ్ అని, మోడల్ ఏడాది చెప్పు. కొన్ని బళ్ళకి జాయింట్ ఆర్మ్‌తో కలిపే వస్తుంది, కొన్నిటికి సెపరేట్‌గా బోల్టులతోనో ప్రెస్ చేసో ఉంటుంది, నంబరు కొట్టి చూస్తే కౌంటర్లో అతనే చెప్తాడు. బుష్‌లు కూడా పగిలి ఉంటే ఆర్మ్ సెట్ మొత్తం తీసుకోవడమే మేలు, లేబర్ ఎలాగూ ఒకటే. కంపెనీ పార్టు మోబిస్ డబ్బాలో వస్తుంది, అది దొరక్కపోతే మన మద్రాసు రానే వాళ్ళది అడుగు, 1929 నుంచి ఉన్న కంపెనీ, స్టీరింగ్, సస్పెన్షన్ జాయింట్లు చేస్తారు. పేరు చదవడానికి రాని డబ్బాలో సగం రేటుకి ఇస్తామంటే వద్దు. ఇంకొందరు పాతదాన్నే నొక్కించి టైట్ చేసిస్తాం, వెల్డింగ్ పెట్టిస్తాం అంటారు, అక్కణ్ణుంచి వచ్చేయ్. మన పుదుపేట పాత పార్టుల బజారులో డోర్ హ్యాండిల్ కొనొచ్చు, అద్దం కొనొచ్చు, బాల్ జాయింట్ మాత్రం సెకండ్ హ్యాండ్ కొనే వస్తువు కాదు.

మార్చేటప్పుడు నువ్వు కాఫీకి పోకుండా అక్కడే నిలబడు. చక్రం నట్లు కారు నేల మీద ఉండగానే కొంచెం లూజు చేసి అప్పుడు లేపాలి. తుప్పు పట్టిన బోల్టులకి ముందే ఆయిల్ కొట్టి కాసేపు వదిలేయమను. కాడకి నట్టు ఉండే రకం అయితే స్ప్లిట్ పిన్ తీసి, నట్టు వదులు చేసి, పూర్తిగా తీసేయకుండా నాలుగు మరలు ఉంచి, పుల్లర్‌తో విడదీయాలి, లేకపోతే అది విడిపోగానే ఆర్మ్ ఠపీమని ఎగిరి మొహానికి తగులుతుంది. పుల్లర్ లేకపోతే నకిల్‌లో కాడ దూరే రంధ్రం పక్కన సుత్తితో కొడతారు, అది పాత పద్ధతే, పర్లేదు, మర మీద మాత్రం కొట్టకూడదు. బోల్టుతో నొక్కి పట్టే రకం అయితే ఆ బోల్టు మొత్తం బయటికి లాగాలి, ఎందుకంటే కాడలో గాడి ఉంటుంది, బోల్టు అందులో కూర్చుని ఉంటుంది, సగం తీసి కొడితే ఎంత కొట్టినా రాదు. విడిపోయాక నకిల్‌ని బయటికి బలంగా లాగనివ్వకు, డ్రైవ్ షాఫ్ట్ జాయింట్ లోపల ఊడుతుంది, బ్రేక్ హోస్ మీద బరువు పడుతుంది.

కొత్తది పెట్టేముందు నకిల్ రంధ్రం శుభ్రంగా తుడవాలి, అక్కడ గ్రీజు పూయకూడదు, ఆ కాడ పొడిగా బిగుసుకుంటేనే పట్టు. మా కోచ్ ఫ్యాక్టరీలో టేపర్‌కి, అంటే ఇలా కొసకి సన్నబడే కాడకి, నూనె రాసిన కుర్రాడికి మా ఫోర్‌మన్ చేత పడే తిట్లు నాకింకా చెవుల్లో ఉన్నాయి. నట్టు మాన్యువల్లో చెప్పిన టార్క్‌కి, అంటే అంత బిగువుకే, టార్క్ రెంచ్‌తో బిగించాలి, పిన్ రంధ్రం సరిపోకపోతే ఇంకొంచెం బిగించి కలపాలిగానీ వెనక్కి తిప్పి కలపకూడదు. స్ప్లిట్ పిన్ కొత్తదే. ఆర్మ్ కూడా మారిస్తే దాని బుష్ బోల్టులు కారు నేల మీద నిలబడి బరువు పడ్డాక చివరి బిగింపు ఇవ్వాలి, గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలి తిరిగే ఉండి తొందరగా చిరిగిపోతుంది. ఇది నూటికి తొంభై మంది చేయరు, నువ్వు అడిగితే చేస్తారు, కోపంగా చూస్తారు, చూడనీ.

అయ్యాక వీల్ అలైన్‌మెంట్ తప్పకుండా చేయించు, ఆ రోజే. కొన్ని రోజులు తిరిగాక చక్రం నట్లు ఇంకోసారి టైట్ చూడమను. కుడి వైపుది కూడా అదే దూరం తిరిగింది కాబట్టి పైన చెప్పినట్టే ఊపి చూడమను, ప్లే ఉంటేనో బూటు చిరిగితేనో దాన్నీ మార్చేయ్, లేకపోతే వదిలేయ్, రెండూ మార్చాల్సిందే అని రూలేమీ లేదు.

తీసిన పాత పార్టు అడిగి తీసుకుని డిక్కీలో పడేయ్, పండక్కి వచ్చినప్పుడు తీసుకురా, ఏ వైపు అరిగిందో చూడాలి. డబ్బుల కోసం చూసుకోకు, నేను జీపే చేస్తా. ముందు కొత్తది కొన్న డబ్బా మీద నంబరు ఫోటో పెట్టు, చూసి సరే అన్నాకే ప్యాకెట్ చించు.

నాన్న