క్లయింటు మాట నమ్మకు

ఒరేయ్ చందూ,

నీ షూటింగ్ గేమ్‌లో బాట్లు (మనిషి బదులు ఆడే ప్రోగ్రాములు) చేరాయి, ఏ యాంటీ చీట్ (మోసాన్ని పట్టే సాఫ్ట్‌వేర్) కొనాలి అని అడిగావు. కొనుక్కుందువుగాని, ముందు నీ సర్వర్ సంగతి చూడు. క్లయింట్ (ఆటగాడి దగ్గరుండే గేమ్ ప్రోగ్రాం) నడిచేది వాడి కంప్యూటర్లో, అంటే అది ఏం చెప్పినా వాడు చెప్పించిందే. "నేనిక్కడున్నా", "వాణ్ణి కాల్చేశా" అని అదంటే సర్వర్ తలూపకూడదు. ఏ మీట నొక్కాడు, ఎటు చూశాడు, అంతవరకే తీసుకో. ఎక్కడున్నాడో, తూటా తగిలిందో లేదో సర్వరే లెక్కకట్టాలి.

ఇంత చేసినా స్పీడ్‌హ్యాక్‌కి (మామూలుకన్నా వేగంగా పరిగెత్తించే మోసానికి) ఒక సందు మిగులుతుంది. సర్వర్ సెకనుకి 64 టిక్కులు (ఆటని అన్నిసార్లు లెక్కకడుతుంది), మనిషి వేగం సెకనుకి 6 మీటర్లు అనుకో. క్లయింట్ టిక్కుకి ఒక కమాండు, అంటే ఏం నొక్కాడు, ఎటు చూశాడు అన్నది పంపాలి. ఒక్కో కమాండుకి 9 సెంటీమీటర్ల చిల్లర కదులుతాడు. విడివిడిగా చూస్తే అన్నీ సవ్యమే, కాకపోతే దొంగ క్లయింట్ సెకనుకి 64 బదులు 100 పంపుతుంది. అందుకని సర్వర్ తన గడియారంతో ఒక్కొక్కరికీ ఖాతా తెరవాలి: టిక్కుకి ఒకటి జమ, వచ్చిన కమాండుకి ఒకటి ఖర్చు. జమ 16 దాటి పేరుకోనివ్వకు, అంటే పావు సెకను. ఆ వెసులుబాటు లేకపోతే వైఫై కాసేపు ఆగి, పది ప్యాకెట్లు ఒక్కసారి కుమ్మరించిన అమాయకుడు బలైపోతాడు. ఖాతా ఖాళీ అయితే మిగతా కమాండ్లు పారెయ్, మనిషిని మాత్రం గెంటెయ్యకు.

వాల్‌హ్యాక్‌కి (గోడ అవతలివాణ్ణి చూపించే మోసానికి) మందు ఒకటే: గోడ వెనకున్నవాడి జాడ అసలు పంపకపోవడం. కానీ అచ్చంగా అలాగే చేస్తే, పింగ్ (సర్వర్‌కి వెళ్లి వచ్చే ఆలస్యం) ఎక్కువున్నవాడు మూల తిరిగేసరికి శత్రువు గాల్లోంచి ఊడిపడతాడు. ఇద్దరినీ 150 మిల్లీసెకన్లు, అంటే 90 సెంటీమీటర్ల దాకా, ముందుకి జరిపి చూసి, అక్కణ్ణుంచి కనబడేట్టుంటే పంపు. ఆ కాస్త మేర హ్యాక్ పనిచేస్తుంది, భరించాల్సిందే. అన్నట్టు, అడుగుల చప్పుడుకి కచ్చితమైన స్థానం పంపుతున్నావేమో చూసుకో. తలుపు వేసి కిటికీ తెరిచినట్టే అది. దిక్కు, సుమారు దూరం చాలు.

ఎయిమ్‌బాట్ (గురి తానే పెట్టే ప్రోగ్రాం) ఏ నియమమూ మీరదు, అందుకే తలనొప్పి. కంటికి కనబడ్డాక వేలు కదలడానికి మనిషికి సుమారు 200 మిల్లీసెకన్లు పడుతుంది. ఎవడో 90లో కాల్చాడని పట్టుకోకు, ముందే ఊహించి నొక్కి ఉంటాడు. వందల కాల్పుల్లో పట్టిన సమయాలకి గ్రాఫ్ గీయి. మనుషులవి ఒకచోట గుట్టగా పడి, కుడివైపు పొడుగాటి తోక ఉంటుంది. "180కీ 260కీ మధ్య ఏదో ఒకటి" అని రాసిన బాటుది బల్లపరుపుగా, రెండంచులా కత్తితో కోసినట్టు ఉంటుంది.

దొరికినవాణ్ణి అప్పటికప్పుడు బ్యాన్ చేశావో, చీట్ అమ్మేవాడికి ఏ మార్పు పట్టించిందో చెప్పేసినట్టే. పోగుచేసి అందరికీ ఒకేసారి బ్యాన్ వేసెయ్. 2023 ఫిబ్రవరిలో తన డోటా 2 గేమ్‌కి వాల్వ్ కంపెనీ చేసిందదే. మామూలు ఆటలో ఎవరూ చదవని డేటాని క్లయింట్లో ఎరగా పెట్టి, అది చదివిన 40,000 పైచిలుకు ఖాతాల్ని ఒక్క దెబ్బకి తీసేసింది.

కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ లోతట్టు భాగం) దాకా వెళ్లే యాంటీ చీట్ వద్దనను. కాకపోతే డీఎంఏ కార్డు అనే పరికరం పెట్టి మెమరీని ఇంకో కంప్యూటర్‌తో చదివేవాడి దగ్గర దానికీ కష్టమే. దొంగకి ఖర్చు పెంచుతుంది, అంతే.

ముందు ఆ కమాండ్ల ఖాతా రాయి. వారం పాటు ఏదీ పారెయ్యకుండా లాగ్ మాత్రం తీసి పంపు, 16 సరిపోతుందో లేదో కలిసి చూద్దాం.

నీ
శీను