కాపీ పెడితే సిస్టం హ్యాంగ్ అవుతోందా? ర్యామ్ కొనే ముందు ఇది చదవండి

నమస్కారం. గుంటూరు అరండల్‌పేటలోని మా షాపులో సిస్టంలు కొన్నవాళ్లకు, సర్వీసుకు ఇస్తున్నవాళ్లకు ఈ పోస్టు.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10 సపోర్టు ముగిసింది. విండోస్ 11 ఎక్కని పాత సిస్టంలు ఉన్న చాలామందికి ఉబుంటు (విండోస్ బదులు వాడే ఉచిత లినక్స్ ఆపరేటింగ్ సిస్టం) వేసి ఇచ్చాం. ట్యాలీ (అకౌంట్ల సాఫ్ట్‌వేర్), అను తెలుగు ఫాంట్లతో పని ఉన్నవాళ్లను మాత్రం విండోస్‌లోనే ఉంచాం. ఉబుంటు తీసుకున్నవాళ్ల నుంచి ఎక్కువగా వస్తున్న ఫోన్ ఒకటే: "మామూలుగా బాగానే నడుస్తుందండీ, పెద్ద కాపీ పెడితే చాలు, మౌస్ కూడా కదలదు. ర్యామ్ ఇంకో 8 జీబీ వేయమంటారా?"

వేయొద్దు. ఈ కంప్లయింట్‌కి మేము ఇకమీదట ర్యామ్ అమ్మం. ఎందుకో చెబుతాను.

మీరు పెన్‌డ్రైవ్‌లోకి సినిమా సైజు ఫైల్ కాపీ పెడితే అది నేరుగా పెన్‌డ్రైవ్‌లోకి వెళ్లదు. ముందు ర్యామ్‌లో చేరుతుంది. అక్కడి నుంచి లినక్స్ తీరిగ్గా డిస్కులోకి రాస్తుంది. రాయాల్సిన బాకీ ఇలా ర్యామ్‌లో ఎంతవరకు పేరుకోవచ్చో ఒక హద్దు ఉంది. మామూలు సెట్టింగ్‌లో అది అందుబాటులో ఉన్న మెమరీలో 20 శాతం. 8 జీబీ సిస్టంలో సుమారు ఒకటిన్నర జీబీ. 16 జీబీ చేశారంటే బాకీ మూడు జీబీ దాకా పెరుగుతుంది. చవక పెన్‌డ్రైవ్ సెకనుకు 10 ఎంబీ రాస్తుందనుకోండి, మూడు జీబీ దిగడానికి ఐదు నిమిషాలు. ర్యామ్ పెంచితే ఆ ఐదు నిమిషాలను మనమే కొని తెచ్చుకున్నట్టు.

మొన్న బ్రాడీపేట నుంచి ఒక స్టూడియో ఆయన సిస్టం తెచ్చారు. పెళ్లి వీడియోలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తుంటే బ్రౌజర్ తెల్లబడి ఆగిపోతోందన్నారు. ఆయన కళ్ల ముందే కాపీ పెట్టి, ఆ బాకీ ఎంతుందో చూపించే 'డర్టీ' అనే లైను తెరిచాను. స్క్రీన్ మీద కాపీ బార్ చకచకా 100 శాతానికి వెళ్లిపోయింది. డర్టీ లైను మాత్రం 2,800 ఎంబీ దగ్గర నిలబడి, సెకనుకు పది చొప్పున దిగుతోంది. ఇలాంటప్పుడే చాలామంది కాపీ అయిపోయిందని పెన్‌డ్రైవ్ లాగేస్తారు, ఇంటికెళ్లి చూస్తే వీడియో తెరుచుకోదు. దయచేసి ఎజెక్ట్ కొట్టి, తీయొచ్చని మెసేజ్ వచ్చేదాకా ఆగండి. కస్టమర్ పెళ్లి వీడియో మళ్లీ తీయలేం కదా.

మరి బ్రౌజర్ ఎందుకు ఆగుతుంది? అది మీ హిస్టరీ లాంటివి చిన్న చిన్న ముక్కలుగా సేవ్ చేస్తూ, అవి డిస్కులో పడ్డాయని ఖాయమయ్యేదాకా ఎదురుచూస్తుంది. బాకీ హద్దు నిండితే ఇలా రాసే ప్రోగ్రాంలూ ఆగాల్సి రావచ్చు. కాపీ హార్డ్ డిస్క్‌లోకే అయితే ఇంకా కష్టం. హార్డ్ డిస్క్ సాధారణంగా నిమిషానికి 5,400 నుంచి 7,200 సార్లు తిరుగుతుంది. అక్కడొకటి ఇక్కడొకటి వెతుక్కుంటూ సెకనుకు వంద చిన్న పనులు చేయడమే గగనం. దాని నెత్తిన ఒకేసారి రెండు జీబీల రాత పడితే, మీరు నొక్కిన క్లిక్ ఆ క్యూలో చివరన నిలబడుతుంది. ప్రాసెసర్ మాత్రం ఖాళీగానే ఉంటుంది. వైరస్ ఏమీ లేదు.

మేము మారుస్తున్నవి ఇవి. శాతం లెక్క తీసేసి, బాకీ హద్దును 256 ఎంబీకి కట్టేస్తున్నాం, 64 ఎంబీ దాటగానే రాయడం మొదలుపెట్టేలా. హార్డ్ డిస్క్ ఉన్న సిస్టంలకు బీఎఫ్‌క్యూ అనే షెడ్యూలర్ (డిస్కు పనుల్లో ఏది ముందో నిర్ణయించేది) పెడుతున్నాం. ఇది ఇటలీ పరిశోధకుడు పాలో వాలెంటే చేసిన పని, 2017లో లినక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్ 4.12 వెర్షన్‌లో చేరింది. పెద్ద కాపీ నడుస్తున్నా, మీరు ఇప్పుడే తెరిచిన ప్రోగ్రాంకి ముందు దారి ఇవ్వడం దాని పద్ధతి. బ్యాకప్‌లను షట్టర్ దించే టైముకి మారుస్తాం.

ఒకటి ముందే చెప్పాలి. ఈ సెట్టింగ్ తర్వాత కాపీ బార్ మునుపటిలా పరుగెత్తదు. "మీరు చేశాక స్లో అయింది" అనిపిస్తుంది. పెన్‌డ్రైవ్‌లో ఫైల్ పూర్తిగా పడేందుకు పట్టే టైము దాదాపు అంతే, కాకపోతే బార్ ఇప్పుడు అసలు స్పీడే చూపిస్తుంది. మధ్యలో కరెంటు పోయినా ర్యామ్‌లో పోయేది తక్కువ. మన దగ్గర వేసవిలో అది చిన్న సంగతి కాదు.

సెట్టింగులతో తీరని సిస్టంలు కొన్ని ఉన్నాయి. ఎస్ఎంఆర్ రకం హార్డ్ డిస్కుల్లో ట్రాకులు పెంకుటింటి మీద పెంకుల్లా ఒకదానిపై ఒకటి ఎక్కి ఉంటాయి. ఒకటి తిరగరాయాలంటే పక్కవి కూడా రాయాలి. కొద్దిసేపు బాగానే రాసి తర్వాత చతికిలబడతాయి. చవక ఎస్ఎస్‌డీలు (తిరిగే భాగాలు లేని డిస్కులు) కొన్నీ అంతే: లోపలి క్యాష్, అంటే వేగంగా రాసే చిన్న భాగం, నిండేదాకా జోరు, తర్వాత మామూలు హార్డ్ డిస్క్ కంటే కూడా కిందికి. రోజూ కార్డుల కొద్దీ వీడియోలు దించే స్టూడియోలకు నా సలహా: సిస్టంకి ఒక మంచి ఎస్ఎస్‌డీ, డేటాకి విడిగా ఎస్ఎంఆర్ కాని హార్డ్ డిస్క్. ఖర్చే, కాదనను. ట్యాలీ వాళ్లకూ ఇదే చెబుతాను, డిస్కు నెమ్మదైతే విండోస్ అయినా చేసేది లేదు.

మేము ఉబుంటు వేసిన సిస్టంలకు ఈ సెట్టింగులు ఉచితం. అరగంట పని. వేరేచోట వేయించుకున్నవాళ్లకు 300 రూపాయలు. డిస్కు మార్చాల్సి వస్తే డేటా ఎక్కించడానికి ఒక రోజు పడుతుంది, కాబట్టి శనివారం సాయంత్రం ఇచ్చి సోమవారం తీసుకెళ్లండి. సిస్టం తేలేనివాళ్లు డిస్కు మీది మోడల్ నంబరు ఫొటో తీసి షాపు వాట్సాప్‌కి పంపితే, అది ఎస్ఎంఆర్ అవునో కాదో చూసి చెబుతాం.