గేమ్ మూసేస్తున్నారా అని అడిగారు, ఉన్నదున్నట్టు చెప్తున్నా

మేం నడిపే ఫోన్ గేమ్‌లో సోమవారం మొదలైన ఈవెంట్ బ్యానర్ మీద పోయినేడాది తేదీ అలాగే ఉండిపోయింది. చూసినవాళ్లు చూసినట్టు స్క్రీన్‌షాట్ తీసి పంపించారు. ఒకరైతే దాని కింద ఒక్క ముక్కే రాశారు: "ఇంకెన్నాళ్లు?" మిగతావాళ్లు అంత పొదుపుగా అడగలేదు గానీ అందరి అనుమానమూ అదే. గేమ్ మూసేస్తున్నారా, ఇప్పుడు పాస్ (ఆటలో అదనపు బహుమతుల కోసం డబ్బు కట్టి కొనేది) కొంటే దండగేనా, కొత్త మ్యాప్ వస్తుంది వస్తుందని రెండేళ్లుగా ఊరిస్తున్నారు, ఏమైంది అని.

బ్యానర్ తప్పు నాదే. పాత ఫైల్ కాపీ చేసి, పేరు మార్చి, తేదీ మార్చడం మర్చిపోయాను. ఒకప్పుడు ఆ బ్యానర్ గీయడానికి ఒకరు, పెట్టేముందు సరిచూడటానికి ఇంకొకరు ఉండేవారు. ఇప్పుడు మొత్తం కలిపి ముగ్గురం, అందులో ఒకరు సగం రోజే వస్తారు. కాబట్టి తప్పు చిన్నదే అయినా దాన్ని చూసి మీరు అనుకున్నది మాత్రం పూర్తిగా తప్పు కాదు.

ముందు జవాబు చెప్పేస్తాను, వివరాలు తర్వాత. మూసే తేదీ ఏదీ అనుకోలేదు. కొత్త మ్యాప్ రాదు. ఆటకి తొమ్మిదేళ్లు, ఫోన్ గేమ్‌కి అది పండు వయసే. ఈ ఏడాదంతా నడపగలం అని ధైర్యంగా చెప్పగలను, ఆ పైన మాత్రం చెప్పలేను. ఇది ఇంతకుముందే చెప్పాల్సింది. చెప్తే ఉన్నవాళ్లు కూడా వెళ్లిపోతారేమోనని భయపడి నాన్చాను.

మీరు పంపినవాటిలో ఎక్కువమంది పట్టుకున్నది పాత ఈవెంట్లే మళ్లీ మళ్లీ వస్తున్నాయని. నిజమే. గత ఏడాదిన్నరగా కొత్తగా తయారైన ఈవెంట్ ఒక్కటీ లేదు, పన్నెండు పాతవి క్యాలెండర్‌లో పెట్టేశాం, అవే తిరుగుతుంటాయి. కానీ దీన్ని మాత్రమే చూసి ఆట పోతోంది అనుకోనక్కర్లేదు. మారియో కార్ట్ టూర్ గుర్తుందా, 2023 అక్టోబర్ నుంచి కొత్త ట్రాకులు, కొత్త డ్రైవర్లు ఉండవు, పాత టూర్లే మళ్లీ వస్తాయి అని నింటెండో ముందే ప్రకటించింది. ఆ తర్వాత కూడా ఆట నడిచింది. అంత పెద్ద కంపెనీయే ఆ మాట పైకి చెప్పింది, మేమెందుకు దాచామో నాకే ఇప్పుడు అర్థం కావట్లేదు. పాత ఈవెంట్లు తిరుగుతున్నాయంటే కట్టడం ఆగింది, కాపలా మాత్రం ఉంది అని. కాపలా కూడా లేకపోతే అప్పుడు భయపడాలి.

కాపలా ఉందో లేదో ఎలా తెలుస్తుంది? చీటింగ్ చేసేవాళ్లని రిపోర్ట్ చేస్తే ఎన్ని రోజులకి తీసేస్తున్నారో చూడండి. షాప్‌లో డబ్బు కట్టి వస్తువు రాకపోతే ఎంతసేపటికి జవాబు వస్తోందో చూడండి. ఏ ఆటకైనా ఈ రెండూ నాడి లాంటివి. మా దగ్గర రెండోది ఒక్కరోజులో అవుతోంది, మొదటిది మాత్రం ఆలస్యమవుతోంది, ఒప్పుకుంటాను, ఒక్కోసారి వారం పడుతోంది.

ఇప్పుడు నాకు చెప్పడానికి ఇబ్బందిగా ఉన్న సంగతి. షాప్.

కొత్తవాళ్లు రావడం తగ్గితే ఏమవుతుందంటే, ఖర్చు అలాగే ఉంటుంది, ఆ ఖర్చంతా పాతవాళ్ల మీద పడుతుంది. యాడ్లు వేసి కొత్తవాళ్లని తెచ్చుకోవడం చిన్నవాళ్లకి ముందే కష్టం, 2021 ఏప్రిల్‌లో ఐఫోన్లని నడిపే సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 14.5 వచ్చాక మిమ్మల్ని ట్రాక్ చేయాలంటే ముందు మీ అనుమతి అడగాలి అనే రూల్ వచ్చింది, అది మీకు మంచిదే, నేను కూడా నా ఫోన్‌లో వద్దనే నొక్కుతాను, కానీ ఎవరికి యాడ్ చూపిస్తే ఆడతారో కనుక్కోవడం మాత్రం అప్పట్నుంచి ఇంకా కష్టమైంది. సరే, మనుషులు రావట్లేదు, నెలాఖరుకి సర్వర్ బిల్లు వస్తుంది. అప్పుడు చేతికి అందేది డిస్కౌంట్ బటన్. ఒక వారాంతం ప్యాక్ సగానికి ఇచ్చాం, డబ్బులు వచ్చాయి. తర్వాతి నెల మళ్లీ ఇచ్చాం, కొంచెం తక్కువ వచ్చాయి. ఎందుకంటే మొదటిసారి కొన్నవాళ్ల దగ్గర జెమ్స్, అంటే ఆటలో వాడే డబ్బు, ఇంకా మిగిలే ఉన్నాయి. దాంతో ఆ జెమ్స్ ఖర్చుపెట్టించడానికి మిగతా అందర్నీ చితక్కొట్టే కొత్త హీరోని వదిలాం. మీకు తెలుసు ఎవరో. ఆ హీరో లేనివాళ్లు ఓడిపోయి విసిగిపోయారు, కొందరు ఆట తీసేశారు. బంగారు గుడ్డు కోసం బాతుని కోసిన కథ చిన్నప్పుడు విన్నదే, అయినా కోశాం.

అందుకే, ఏ ఆటలోనైనా సరే, నన్నడిగితే అన్నిటికంటే గట్టి సూచన ఇదే. లోపల ఆట నెమ్మదించి, షాప్ మాత్రం వేగం పెంచడం. మూడు నెలలుగా ఒక్క బగ్ కూడా సరిచేయలేదు, కానీ వారానికో కొత్త ప్యాక్ వస్తోంది అంటే ఆ ఆట నడిపేవాళ్లు వెళ్లిపోవడానికి చెప్పులు వేసుకుని తలుపు దగ్గర నిలబడ్డారని అర్థం.

మ్యాచ్‌ల గురించి కూడా అడిగారు. రాత్రి పొద్దుపోయాక ఆడితే ఎదుటివాళ్లు వింతగా ఆడుతున్నారు, గోడకి తల కొట్టుకుంటున్నారు అని ఒకరు వీడియో పంపారు. అవి బాట్‌లు, అంటే మనిషి బదులు ఆడే ప్రోగ్రామ్‌లు. ఇరవై సెకన్లలో మనిషి దొరక్కపోతే సిస్టమ్ బాట్‌ని పెడుతుంది. ఇంతకుముందు ఈ పరిమితి అరవై సెకన్లు ఉండేది, మీరు ఆగలేక బయటికి వెళ్లిపోతున్నారని తగ్గించాం. ఇందులో మోసం లేదని అనను, ఎందుకంటే వాటికి మనుషుల పేర్లు పెట్టింది మేమే. వచ్చే అప్‌డేట్ నుంచి బాట్ పేరు పక్కన చిన్న గుర్తు కనిపిస్తుంది. గెలిస్తే వచ్చే పాయింట్లు మారవు. రెండు ప్రాంతాల సర్వర్లు కలిపేసింది కూడా ఇందుకే, ఒక్కోదాంట్లో సగం ఖాళీ గదులే ఉంటే మనుషులకి మనుషులు దొరకరు. కలిపాక కొందరికి లాగ్ (నొక్కాక ఆట స్పందించడంలో ఆలస్యం) పెరిగింది, దానికి నా దగ్గర మందు లేదు, దూరం దూరమే.

ఇక "అప్‌డేట్‌లో ఏముందో చూస్తే చిన్న చిన్న సవరణలు అని తప్ప ఏమీ రాయట్లేదు, ఏం చేస్తున్నారసలు?" అన్నవాళ్లకి. ఇది మాత్రం మీరనుకున్నదానికి తలకిందులు. ఆటలో ఏమీ మార్చకుండా ఉన్నచోట ఉంచడానికే పని ఉంటుంది, ఎందుకంటే కింద నేల కదులుతూ ఉంటుంది. 2017లో ఐఓఎస్ 11 రాగానే 32 బిట్ అనే పాత పద్ధతిలో కట్టిన యాప్‌లు ఐఫోన్లలో తెరుచుకోవడం మానేశాయి, సరిచేసేవాళ్లు లేని ఎన్నో మంచి ఆటలు అప్పుడే పోయాయి. 2019 ఆగస్టు నుంచి ఆండ్రాయిడ్ ఫోన్ల యాప్ స్టోర్ గూగుల్ ప్లే కూడా కొత్త పద్ధతి, 64 బిట్ తప్పనిసరి చేసింది. కొత్త ఆండ్రాయిడ్ వెర్షన్‌కి తగ్గట్టు యాప్‌ని మార్చుకోవాలనే గడువు ఏటా వస్తూనే ఉంటుంది, మార్చకపోతే కొత్త ఫోన్లు కొన్నవాళ్లకి స్టోర్‌లో మీ ఆట కనిపించడమే మానేస్తుంది. 2025 నవంబర్ నుంచి, ఆండ్రాయిడ్ 15, ఆ పై వెర్షన్ల కోసం తయారయ్యే యాప్‌లు 16 కేబీ మెమరీ పేజీలున్న (అంటే మెమరీని ఇంకా పెద్ద ముక్కలుగా వాడే) ఫోన్లలో కూడా నడవాలని గూగుల్ అంది. వినడానికి చిన్న మాట, కానీ మా ఆటలో మేం ఎప్పుడో తెచ్చిపెట్టుకున్న పాత లైబ్రరీలు, అంటే వేరేవాళ్లు రాసిన రెడీమేడ్ కోడ్, రెండున్నాయి, వాటిని రాసినవాళ్లు ఎప్పుడో వదిలేసి వెళ్లారు. నాలుగు వారాలు దానికే పోయాయి. మీకు కనిపించింది "చిన్న సవరణలు" అనే రెండు ముక్కలు. కాబట్టి మీ పాత ఆట ఏదైనా ఇలాంటి బోరింగ్ అప్‌డేట్లు తెస్తోందంటే సంతోషించండి, ఎవరో ఇంకా దానికోసం కూర్చుంటున్నారు. ఏడాదిగా ఏదీ రాలేదంటే అప్పుడు ఆలోచించాలి.

మా వరకు అసలు టెన్షన్ ఇంకొకటి. ఫ్రెండ్స్ లిస్ట్, క్లాన్ (జట్టు) చాట్ మేం సొంతంగా కట్టినవి కాదు, బయటి సర్వీస్ మీద నడుస్తున్నాయి. వాళ్లు పాత ప్లాన్ ఆపేస్తున్నామని మెయిల్ పెట్టారు. కొత్త ప్లాన్ మా స్థాయికి మించినది. చాట్‌ని వేరేచోటికి మార్చే పని మొదలుపెట్టాం, పాత చాట్ మాటలు మాత్రం వెంట రావు. క్లాన్‌లో దాచుకోవాలనుకున్నవి ఏమైనా ఉంటే ఈ నెలలోనే స్క్రీన్‌షాట్లు తీసుకోండి. నిజానికి చాలా ఆటలు ఇలాగే పోతాయి, ఆడేవాళ్లు లేక కాదు, పాటల లైసెన్స్ అయిపోయో, బొమ్మల మీద హక్కుల ఒప్పందం ముగిసో, ఎవరిదో సర్వీస్ ఆగిపోయో. బయటినుంచి చూస్తే నిండుగా నడుస్తున్నట్టే ఉంటుంది.

స్టోర్ ర్యాంక్ పడిపోయింది, రేటింగ్ తగ్గింది అనేవి పెద్దగా పట్టించుకోకండి. తొమ్మిదేళ్ల ఆటకి ర్యాంక్ ఏంటి. పాత ప్లేయర్లు అకౌంట్లు అమ్మకానికి పెట్టడం పెరిగిందని ఒకరు రాశారు, అది మాత్రం ఆలోచించాల్సిందే. దయచేసి కొనకండి. అమ్మినవాళ్లు ఫిర్యాదు చేసి అకౌంట్ వెనక్కి లాక్కున్న గొడవలు ఈ మధ్య నా దగ్గరికి మూడు వచ్చాయి, మూడింటిలోనూ కొన్నవాళ్లే నష్టపోయారు.

మూసే రోజు వస్తే ఎలా ఉంటుంది? మామూలుగా ముందు ప్రకటన వస్తుంది, డబ్బుతో కొనేవి ఆపేస్తారు, కొన్నాళ్లకి సర్వర్ ఆగుతుంది. మిన్‌క్రాఫ్ట్ ఎర్త్ 2021 జనవరిలో చెప్పి జూన్ 30న ఆగింది, చెప్పిన రోజుల్లోనే కొనుగోళ్లు తీసేశారు, డబ్బిచ్చి కొన్న రూబీలు (ఆ ఆటలోని జెమ్స్) మిగిలినవాళ్లకి మామూలు మిన్‌క్రాఫ్ట్‌లో వాడుకునే మిన్‌కాయిన్లు ఇచ్చారు. హ్యారీ పోటర్ విజార్డ్స్ యునైట్ 2021 నవంబర్‌లో ప్రకటించి 2022 జనవరి 31న మూసేశారు. అంటే మూడు నెలలు కూడా లేదు. నాకు బాగా నచ్చింది మాత్రం యానిమల్ క్రాసింగ్ పాకెట్ క్యాంప్. 2024 నవంబర్ చివర్లో ఆన్‌లైన్ ఆపేశారు, డిసెంబర్‌లో ఒక్కసారి కొనుక్కుంటే చాలు అనే వేరే వెర్షన్ ఇచ్చారు, పాత సేవ్, అంటే అప్పటిదాకా ఆడింది, అందులోకి తెచ్చుకునే వీలు పెట్టారు. ఆడినవాళ్ల కష్టం గాల్లో కలిసిపోలేదు.

అలాంటిది మేం చేయగలమా అంటే, సగం చేయగలం. ఒంటరిగా ఆడే 120 లెవెల్స్ సర్వర్ లేకుండా నడిచేలా మార్చడం మొదలుపెట్టాం. క్లాన్ యుద్ధాలు కుదరవు. దెబ్బ తగిలిందా లేదా, ఎంత తగిలింది అనే లెక్కంతా సర్వర్‌లోనే జరుగుతుంది, చీటింగ్ ఆపడానికి అప్పట్లో అలా కట్టాం, ఇప్పుడు దాన్ని ఫోన్‌లోకి దించాలంటే ఆటని మళ్లీ రాయడమే.

షాప్‌లో ఈ పొద్దున ఒక మార్పు చేశాను, కొందరు గమనించే ఉంటారు. ఏడాది పాస్ తీసేశాను. ఏడాది నడుస్తుందని రాసివ్వలేనప్పుడు ఏడాదికి డబ్బు తీసుకోకూడదు. అన్నిటికంటే పెద్ద జెమ్స్ ప్యాక్ కూడా తీసేశాను. నెల పాస్ ఉంటుంది. ఇప్పటికే ఏడాది పాస్ కొని ఆరు నెలలకన్నా ఎక్కువ మిగిలినవాళ్లు రాస్తే మిగిలిన నెలల డబ్బు తిరిగిస్తాను. జపాన్‌లో డబ్బు పెట్టి కొన్న జెమ్స్ వాడకుండా మిగిలిపోతే మూసేటప్పుడు తిరిగివ్వాలని చట్టమే ఉంది, అన్నిచోట్లా లేదు, చట్టం లేనిచోట కూడా మా ఆటకి ఇదే పద్ధతి అనుకోండి. తేదీ అంటూ ఖాయమైతే కనీసం 90 రోజుల ముందు చెప్తాను, చెప్పిన రోజే కొనుగోళ్లు ఆగిపోతాయి.

ఇంకో మాట, ఆటని బతికించడానికి అని పెద్ద మొత్తాలు పెట్టి ఏదీ కొనకండి. మొన్న ఒకరు అలా కొని మెసేజ్ పెట్టారు, మనసు నిండింది గానీ ఆ డబ్బు వెనక్కి పంపేశాను. అది నాలుగు రోజుల సర్వర్ ఖర్చు, మీకు అది నాలుగు రోజుల ఖర్చు కాదని నాకు తెలుసు.

గెస్ట్‌గా, అంటే మెయిల్ ఇవ్వకుండా, ఆడుతున్నవాళ్లు చాలామంది ఉన్నారు, ఈ ఒక్క పని మాత్రం ఇవాళే చేయండి. సెట్టింగ్స్‌లోకి వెళ్లి అకౌంట్‌ని మెయిల్‌కి కలపండి. గెస్ట్ అకౌంట్ ఫోన్‌కే అతుక్కుని ఉంటుంది, యాప్ తీసేస్తే నేను కూడా వెతికిపెట్టలేను. సర్వర్ లేని వెర్షన్ వచ్చినప్పుడు మీ లెవెల్స్, మీ హీరోలు అందులోకి రావాలన్నా ఇదే దారి.

బ్యానర్ మీద తేదీ ఇందాకే మార్చాను, యాప్ మూసి తెరిస్తే కనిపిస్తుంది. ఆదివారం క్లాన్ యుద్ధం మామూలుగానే ఉంది. 41వ లెవెల్‌లో చెక్క తలుపు తెరిచాక హీరో అందులోనే ఇరుక్కుపోతున్నాడని మూడేళ్లుగా రాస్తున్నారు కదా, కొత్త ఈవెంట్ల పని లేకపోయేసరికి మొదటిసారి దాని మీద తీరిగ్గా కూర్చున్నాను. తలుపు తెరుచుకునే బొమ్మ అయిపోకముందే హీరోని కదలనిస్తున్నాం, అదీ సంగతి. వచ్చే అప్‌డేట్‌లో సరిపోతుంది, ఇంకా ఇరుక్కుంటే వీడియో పంపండి.