బుట్ట చేతులు కావాలంటే మీటరు గుడ్డ తెండి

శ్రావణం పెళ్ళిళ్ళకూ వరలక్ష్మీ వ్రతానికీ జాకెట్లు ఇచ్చేవాళ్ళు అప్పుడే మొదలుపెట్టారు. అందుకే ఈసారి మా షాపులో ఏం కుడతామో, ఏం కుట్టమో ముందే చెప్పేస్తున్నా. సీజన్ మధ్యలో కౌంటర్ దగ్గర ఒక్కొక్కరికీ చెప్పాలంటే నాకు ఓపిక ఉండదు, వినడానికి మీకూ ఉండదు.

వచ్చేవాళ్ళలో సగం మంది అడిగేది బుట్ట చేతులే. కూతురు ఫోన్‌లో బొమ్మ చూపిస్తుంది, పక్కనుండి అమ్మ, "ఇవి మేము ఇంటర్లో ఉన్నప్పుడు వేసుకుంటిమి కదక్కా, మల్లా ఇదేం పిచ్చి!" అంటుంది. ఇద్దరి మాటా నిజమే, కానీ ఆ చెయ్యి వేరు, ఈ చెయ్యి వేరు. అప్పట్లో భుజం దగ్గర నాలుగు కుచ్చులు పెట్టి వదిలేసేవాళ్ళు. మధ్యాహ్నానికి చెమటకు అది కిందికి వాలిపోయేది. ఇప్పుడు మీకు రాత్రి రిసెప్షన్ ఫొటోల దాకా అది నిలబడే ఉండాలి. అందుకని చెయ్యి తల, అంటే భుజానికి అతికే పై భాగం, రెండు మూడు అంగుళాలు ఎత్తు పెంచి కత్తిరించి, లోపల నెట్ పెట్టి కుడుతున్నాం. పట్టు అయితే దానంతట అదే నిలుస్తుంది. జార్జెట్, క్రేప్ నిలవవు, ఎంత నెట్ పెట్టినా ఏదో మాదిరి ఉంటుందే తప్ప బొమ్మలో ఉన్నట్టు రాదు. ఆ గుడ్డలు తెచ్చి ఆ బొమ్మే కావాలంటే నేను ఒప్పుకోను.

చీరతో వచ్చే జాకెట్టు ముక్క మామూలుగా 80 సెంటీమీటర్లు. పొట్టి చేతులకు సరిపోతుంది. మోచేతి దాకా బుట్ట పెట్టాలంటే మీటరు కావాలి. చీర చెంగు లోపలి వైపు నుంచి కాస్త తీయమని కొందరు అడుగుతారు. తీస్తాను, కానీ తర్వాత చీర కట్టు పొట్టి అయిందని నన్ను అనొద్దు. కుట్టు కూలి మామూలు జాకెట్టు కంటే వంద రూపాయలు ఎక్కువ. ఆ వందా నెట్‌కూ కుచ్చులు సమంగా పంచే టైముకే పోతుంది.

ఈ చేతులు పాత తెలుగు సినిమాలతోనే మొదలైనాయని చాలామంది అనుకుంటారు. ఇంకా వెనక్కి పోవాలి. చీర కింద జాకెట్టూ లంగా వేసుకునే పద్ధతి 1860ల తర్వాత బెంగాల్‌లో ఠాగూర్ల ఇంటి కోడలు జ్ఞానదానందినీ దేవి వల్ల బాగా పాకింది. ఆవిడ బొంబాయిలో పార్సీ ఆడవాళ్ళ కట్టు చూసి దాన్ని మార్చుకున్నారు. ఆ కాలం జాకెట్లకు లేసులూ ఉబ్బు చేతులూ వచ్చింది ఇంగ్లీషు దొరసానుల గౌన్ల నుంచి. 1890లలో యూరప్‌లో చేతులు దిండ్లంత అయినాయి, తర్వాత సన్నబడినాయి. 1981లో డయానా పెళ్ళి గౌనుతో మళ్ళీ ఉబ్బినాయి. మన అమ్మలు ఇంటర్లో వేసుకున్నవి దాదాపు ఆ రోజులవే. కాబట్టి "సంప్రదాయం జాకెట్టు కుట్టియ్ అక్కా" అని ఎవరైనా బుట్ట చేతులు అడిగితే నాకు లోపల నవ్వొస్తుంది, పైకి సరే అంటాను.

జేమ్స్ లేవర్ అని ఇంగ్లండ్‌లో బట్టల చరిత్ర రాసినాయన ఒక లెక్క చెప్పాడు. ఫ్యాషన్ పోయిన పదేళ్ళకు అది అసహ్యంగా కనిపిస్తుంది, ఇరవై ఏళ్ళకు నవ్వొస్తుంది, ముప్పై ఏళ్ళకు సరదాగా ఉంటుంది, డెబ్భై ఏళ్ళకు ముచ్చటేస్తుంది అని. మా షాపులో చూస్తే ఈ లెక్కకు ఇంకొకటి కలపాలి. వేసుకున్నవాళ్ళకు ఎన్నేళ్ళైనా అసహ్యం పోదు. ముచ్చటపడేది వాళ్ళ కూతుళ్ళే.

ముందర ముడి జాకెట్టు కూడా అంతే. మన పల్లెల్లో అవ్వలు హుక్కులు లేకుండా ముడేసుకున్న రైక అది. ఇప్పుడు ఫ్రంట్ నాట్ అంటే కాలేజీ పిల్లలు ఎగబడుతున్నారు. అవ్వ రైక నమూనాగా తెచ్చినా కుట్టిస్తాను, నాకు అది ఇష్టమైన పని.

ప్యాంట్ల సంగతి తొందరగా చెప్పేస్తా. 70లలో బెల్ బాటమ్, తర్వాత చుడీదార్, పటియాలా, లెగ్గింగ్స్, పలాజో. వెడల్పు, బిగుతు, మళ్ళీ వెడల్పు. ప్రస్తుతం వెడల్పు నడుస్తోంది, లెగ్గింగ్స్ ఇక తెప్పించను. ఉన్నవి కొన్న రేటుకే ఇస్తున్నా, తీసుకెళ్ళండి.

అమ్మ పాత జాకెట్టు ఆల్టర్ చేయమని తెచ్చేవాళ్ళకు ఒక మాట. ముందు తిరగేసి పక్క కుట్టు చూడండి. అప్పటి టైలర్లు లోపల అంగుళం పైనే గుడ్డ వదిలేవాళ్ళు, అది ఉంటే విప్పి లూజ్ చేయొచ్చు. ఇప్పటి రెడీమేడ్‌లో అట్ల వదలరు. కానీ చంక కోత మాత్రం మార్చలేం. మీకిప్పుడు ప్రిన్సెస్ కట్ (ఛాతీ మీదుగా నిలువు కుట్లతో ఒంటికి పట్టేలా కుట్టేది), ప్యాడ్లు అలవాటు. ఆ పాత కటింగ్ మీద అవి పడవు.

ధర్మవరం పాత పట్టుచీర తెచ్చి లంగా ఓణీ, లాంగ్ ఫ్రాక్ కుట్టమంటే ఒప్పుకునే ముందు మీ ఎదురుగానే చూస్తాను. బల్ల మీద పరిచి, ఏళ్ళ తరబడి ఒకే చోట మడత పడిన గీత దగ్గర రెండు వేళ్ళతో మెల్లగా లాగుతాను. పోగులు విడిపోతుంటే ఆ చీరతో లంగా, ఫ్రాక్ కుట్టను. మడతల దగ్గర చీర పాడైనా అంచు గట్టిగా ఉంటే అంచు మాత్రం తీసి కొత్త గుడ్డకు వేస్తాను. బాగుంటే మాత్రం ఆ రంగులు ఇప్పుడు కొందామన్నా దొరకవు. జరీ మసకబారినంత మాత్రాన ఇంటి ముందుకొచ్చి పాత పట్టు కొంటామనే వాళ్ళకు ఇచ్చేయకండి, ముందు నాకు చూపించండి. గళ్ళ చీరలు కొత్త ట్రెండ్ అంటున్నారు కదా, ఈసారి లేపాక్షి పోయినప్పుడు గుడి పైకప్పు బొమ్మల్లో ఆడవాళ్ళ చీరలు చూడండి. గళ్ళూ చారలూ పూలూ అన్నీ 16వ శతాబ్దం నాటికే ఉన్నాయి.

బొమ్మ పంపేవాళ్ళు ముందు నుంచి తీసినదే పంపుతున్నారు. చెయ్యి పక్క నుంచి, వీపు వైపు నుంచి కూడా కావాలి. కొలత జాకెట్టు ఈ మధ్య వేసుకున్నదే తెండి, పెళ్ళినాటిది వద్దు. మగ్గం వర్క్ ఉన్నవి శ్రావణానికి నెల ముందే ఇవ్వాలి, మామూలువి పదిహేను రోజుల ముందు. ఆదివారం మధ్యాహ్నం షాపు తీయను, ఫోన్ కూడా ఎత్తను.